నూటికి నలుబదియేడు - ఒక లెక్కపై విమర్శ

మానవులు చేయు పనులలో ఎన్ని యంత్రముల వశమగును? ఈ ప్రశ్నకు అంకెలలో సమాధానమిచ్చిన వ్యాసములలో 2013లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునుండి వెలువడినది మిక్కిలి ప్రసిద్ధము. రచయితలు ఫ్రే, ఆస్‌బర్న్. అమెరికా ఉద్యోగములలో నూటికి 47 అధిక ప్రమాదములో ఉన్నవని వారు తేల్చిరి.

ఆ అంకె పుట్టిన విధము చూడదగినది. వారు 702 వృత్తులను తీసుకొనిరి. అందులో 70 వృత్తులకు మాత్రము నిపుణులతో కలిసి ‘యంత్రము చేయగలదు’, ‘చేయలేదు’ అని గుర్తులు పెట్టిరి. చేతినేర్పు, కల్పనాశక్తి, ఇతరులను ఒప్పించు నేర్పు మొదలైన తొమ్మిది లక్షణములను బట్టి తక్కిన వృత్తుల సంభావ్యతలను కంప్యూటరు లెక్కగట్టినది. అనగా దశాంశముల అడుగున ఉన్నది కొందరి అంచనాయే. అకౌంటెంట్లకు 0.94 వచ్చినది, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు 0.01 కంటె తక్కువ. దుస్తులు ధరించి ప్రదర్శించు మోడళ్లకు 0.98! ఇక్కడ నవ్వు ఆపుకొనుట కష్టము.

అసలు లోపము వృత్తిని ఒకే ముద్దగా తూచుటలో ఉన్నది. అకౌంటెంటు పద్దులు కూడును. ఆ పని యంత్రమునకు సులభము. కాని అనుమానపు పద్దును గూర్చి ఆరా తీయుట, యజమానికి నచ్చజెప్పుట, సంతకము చేసి బాధ్యత వహించుట కూడ అతని పనులే. 2016లో ఓ.ఇ.సి.డి. కొరకు ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు 21 దేశములలో పనులవారీగా లెక్కించగా నూటికి 9 మాత్రమే వచ్చినది. అట్లని దీనినే నమ్మరాదు. దీనికిని పునాది 2013 నాటి సంభావ్యతలే.

కల్పనాశక్తి యంత్రమునకు అడ్డుగోడ అని ఆ వ్యాసము భావించినది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట ఆ గోడ బీటలు వారినది. వ్యాసములు, ప్రోగ్రాములు యంత్రము వ్రాయుచున్నది. ఇల్లు సర్దుట మాత్రము దానికి నేటికిని కష్టమే.

రచయితలకు న్యాయము చేయవలెనన్న, సాంకేతికముగా సాధ్యమని మాత్రమే వారనిరి. ఉద్యోగములు పోవునని కాదు. ప్రచారములో ఆ షరతు జారిపోయి అంకె మిగిలినది. 0.94 అని విని కామర్సు గ్రూపు మానుకొను పదవ తరగతి విద్యార్థికి జరుగు నష్టము ఇందువల్లనే. అట్టివానికి ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఆ వృత్తిలోని పనులను విడివిడిగా వ్రాసి, వేటిని యంత్రమునకు అప్పగింపవచ్చునో, వేటికి మనిషి జవాబుదారి కావలెనో వానిచేతనే గుర్తు పెట్టింపవచ్చును. ఆ పట్టికను ఏటేట మార్చి వ్రాయవలసియుండును.