అరువు మాటకు తెలుగు క్రియ: కోలారు గనుల సాక్ష్యం

పారిభాషిక పదకల్పన ప్రస్తావన రాగానే మనలో రెండు పక్షాలు బయలుదేరుతాయి. ఇంగ్లీషు మాటనే ఉంచాలంటుంది ఒకటి; ప్రతిదానికీ సంస్కృత సమాసం కట్టాలంటుంది రెండోది. రెండూ మాట పుట్టుకనే చూస్తున్నాయి గాని, వాడుకలో దాని బతుకును చూడడం లేదని మా అభిప్రాయం.

కోలారు బంగారు గనుల ప్రాంతం ఇందుకు మంచి నిదర్శనం. 1880లో జాన్ టేలర్ కంపెనీ ప్రవేశించాక అక్కడ పేర్లు రెండు వైపులా ప్రయాణించాయి. నందిదుర్గం పేరు పెట్టుకున్న గని ఇంగ్లీషులో 'నండీడ్రూగ్' అయింది. మన 'పేట' దొరల పేర్లకు తగులుకొని రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట వెలిశాయి. తెలుగు, తమిళం, కన్నడం కలిసి మెలిగే ఆ ఊళ్ళలో ఇవి ఇంటి పేర్లలా స్థిరపడ్డాయి.

ఇంగ్లీషుకు ఆదానం కొత్త కాదు. మన పందికొక్కు అక్కడ 'బాండికూట్' అయింది. ఆస్ట్రేలియాలో వేరే జంతువుకూ ఆ పేరే పెట్టారు. ప్రోగ్రామింగులో నిత్యం వినే 'అల్గారిథం' 9వ శతాబ్ది గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చింది. 'క్యూ', 'కాష్' ఫ్రెంచి మాటలు. ఫైలుకు అచ్చమైన తెలుగని మనం చెప్పుకొనే 'దస్త్రం' కూడా ఫారసీ మూలం గలదే.

సంస్కృతం పనికిరాదని మేము అనం. 'అంతర్జాలం' నిలదొక్కుకుంది. అయితే 'డేటా మైనింగ్'ను 'దత్తాంశ ఖననం' అన్నామనుకోండి. సంస్కృతంలో ఖననమంటే తవ్వడమే. తెలుగు వ్యవహారంలో శవాన్ని పూడ్చడం. భూమిలోంచి బంగారం పైకి తీసిన ఊరివాళ్ళు ఈ మాట వింటే, సమాచారాన్ని పాతిపెడుతున్నారనుకుంటారు! 'తవ్వకం' అంటే ఆ చిక్కు లేదు. తవ్వు, తవ్వించు, తవ్వితీయు అంటూ దాని వెంట ఒక కుటుంబమే వస్తుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదాలను రైతుల నోటి నుంచే సేకరించింది. కంప్యూటరు వృత్తికీ అదే తోవ పట్టాలి. 'లూపులో ఇరుక్కుంది', 'ఎర్రర్ కొడుతోంది' అనే మాటల్లో నామం అరువుదే, క్రియ మాత్రం మనది. వాక్యాన్ని నడిపేది ఆ క్రియే.

గనులు 2001లో మూతపడ్డాయి. ఆ పట్టణం నుంచి ఎందరో రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్ళి పనిచేసి వస్తున్నారు. బడిలో కన్నడమో ఇంగ్లీషో, కొలువులో ఇంగ్లీషో ఉన్న తెలుగు యువతకు తమ పని గురించి ఇంట్లో చెప్పుకొనే తెలుగు మిగులుతుందా అన్నదే అసలు ప్రశ్న. ఆ తెలుగును వాళ్ళ నోటి నుంచే సేకరించి పదకోశానికి ఎక్కించడం రాష్ట్రేతర విద్యార్థులు చేపట్టదగ్గ పరిశోధన.