వేరు చూసి వండాలె

మిరుగు దాటి ఆరుద్ర కార్తె వానలు నాలుగు పడితే చాలు, భూపాలపల్లి జిల్లా కాటారం చుట్టుపక్కల పల్లెల్లో పుట్టకొక్కుల వేట మొదలవుతుంది. మహదేవపూర్ వైపు టేకు అడవిలోకో, మహాముత్తారం దిక్కు చేను గట్ల మీదికో తెల్లారకముందే వెళ్లినవాళ్లు ఎండ ఎక్కకముందే తిరిగొస్తారు. ఇంట్లోకి పోగా మిగిలినవి ఆకుల మీద కుప్పలుగా పోసి అమ్ముతారు. కాళేశ్వరం పోతూ కారు ఆపినవాళ్లు తెల్లగా, నిగనిగలాడే గొడుగున్న కుప్పను ఎంచుకుంటారు. తెలిసినవాళ్లు మాత్రం ముందు కాడను పైకెత్తి కింద ఎంత వేరుందో చూస్తారు. విషం లేని కొక్కును గుర్తించే విద్య ఆ వేరుతోనే మొదలవుతుంది.

మనం పుట్టకొక్కు అని ఇష్టంగా తినేది టెర్మిటోమైసిస్ అనే జాతిది. ఈ పేరు 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ పెట్టాడు. మన దేశంలో విరివిగా దొరికే ఒక రకాన్ని 1979లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన నటరాజన్ వర్ణించి, హైమ్ పేరు మీదే టెర్మిటోమైసిస్ హైమీ అని నమోదు చేశాడు. ఈ బూజును నేల లోపల పెంచేది చెదలు. అవి నమిలి తెచ్చిన ఎండుటాకు, కట్టె పొట్టుతో స్పాంజిలాంటి తుట్టెలు కట్టి, వాటి మీద బూజును సాగు చేసి తింటాయి. మనిషి సేద్యం మొదలుపెట్టి పదివేల ఏళ్లయితే, చెదల సేద్యానికి సుమారు 3 కోట్ల ఏళ్లు. వానకు నేల నానినప్పుడు ఆ తుట్టె నుంచే మొగ్గ బయలుదేరుతుంది. మూర లోతు మట్టినైనా చీల్చుకుని రావాలి కాబట్టి కాడ కింద సన్నగా, పొడుగ్గా వేరు సాగుతుంది, గొడుగు నడినెత్తిన గట్టి మొన ఏర్పడుతుంది. ఈ రెండూ ఆ ప్రయాణం పెట్టిన గుర్తులు. చెదల తుట్టె లేకుండా ఇది పండదు, అందుకే పాల పుట్టగొడుగులు షెడ్లలో పండుతున్నా పుట్టకొక్కుల కోసం ఇప్పటికీ అడవికే పోవాలి.

పుట్ట మీద మొలిచింది కదా అని నమ్మడం మాత్రం సగం తెలివే. పాత పుట్టల మీద నల్లటి వేళ్లలాంటి బూజు లేస్తుంది. గొడుగు విప్పకుండా డోలు కర్రలా నిలబడే పొడాక్సిస్ కూడా పుట్టల మీదే వస్తుంది. మరోపక్క, పైకి పుట్ట కనబడని చోట కూడా నేల కింద చెదల గూడుంటే అసలైన కొక్కు లేస్తుంది. కాబట్టి కాడను పట్టి లాగకూడదు. పక్కన పుల్లతో మెల్లగా తవ్వుతూ పోతే వేరు కిందికి, ఇంకా కిందికి దిగాలి. నాలుగు వేళ్ల లోతులోనే మొద్దుగా ఆగిపోతే దాన్ని నమ్మకూడదు. తర్వాత గొడుగును తిరగేసి చూడాలి: కింది రేకులు కాడను తాకకుండా సన్నని సందు వదిలి ఆగిపోవాలి. వాటి రంగు తెలుపు, ముదిరేకొద్దీ లేత గులాబీ. వేరు, మొన, రేకులు మూడూ ఒకేసారి కుదరాలి, ఒక్కటి తప్పినా పారేయాలి.

ఈ లెక్కలో తరచూ మోసం చేసేది క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. ప్రపంచంలో చాలాచోట్ల పుట్టగొడుగులు తిని వాంతులతో ఆసుపత్రికి చేరేవాళ్లలో ఎక్కువమంది దీని బాధితులే. బడి మైదానం, పశువులు మేసే బీడు, పెంటకుప్ప అంచు దీనికి ఇష్టమైన చోట్లు. పళ్లెమంత గొడుగు, తెలుపు మీద గోధుమరంగు పొలుసులు, కాడకు పైకీ కిందికీ జరిగే ఉంగరం. లేతగా ఉన్నప్పుడు దీని రేకులు కూడా తెల్లగానే ఉంటాయి, అక్కడే చూపు మోసపోతుంది. ముదిరాక ఆకుపచ్చగా మారతాయి. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో కడుపు తిప్పేస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి ఇంట్లోనే చేసుకునే ఒక పరీక్ష ఉంది. విప్పారిన గొడుగును కాడ నుంచి కోసి, రేకులు కిందికి వచ్చేలా సగం తెలుపు, సగం నలుపు కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయాలి. పొద్దున కాగితం మీద పొడి రాలి ఉంటుంది. ఆకుపచ్చగా ఉంటే క్లోరోఫిల్లమ్. పుట్టకొక్కుదైతే లేత గులాబీ. అయితే గులాబీ పొడి రాల్చే విషపు రకాలూ ఉన్నాయి, ఎంటోలోమా అలాంటిదే. దాని రేకులు కాడకు అతుక్కుని ఉంటాయి. ఈ పరీక్షతో ఒక రకాన్ని కాదనవచ్చు గానీ, ఇది ఒక్కటే చూసి ఔననడానికి లేదు.

గడ్డివాము దగ్గర వచ్చే వరిగడ్డి కొక్కు సంగతి వేరు. దాని పొడి కూడా గులాబీయే, కానీ కింద గుడ్డు పెంకులాంటి సంచి ఉంటుంది. ప్రాణాలు తీసే అమానిటాలకూ అలాంటి సంచే ఉంటుంది, పొడి మాత్రం తెలుపు. అమెరికా, ఆస్ట్రేలియాలకు వలసపోయిన ఆసియా వాళ్లు తమ ఊరి వరిగడ్డి కొక్కే అనుకుని అమానిటాను వండుకుని చనిపోయిన సంఘటనలు వైద్యులు నమోదు చేసినవే. మన దేశంలో 2022 ఏప్రిల్‌లో అసోంలో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు.

కాటారం వైపు పెద్దలకు అమానిటా గురించి తెలియకపోవడం వాళ్ల లోపం కాదు. ఆ జాతివి చాలావరకు సాలు, ఓక్, పైన్ లాంటి చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతుకుతాయి, టేకుకు ఆ పొత్తు లేదు. తాతల తెలివి తాతల అడవికి సరిపోయింది. జామాయిల్ తోటలు వేశాక మాత్రం నేలలో కొత్త చుట్టాలు దిగుతున్నాయి. జామాయిల్ కింద ఉండలా మొలిచే స్క్లెరోడెర్మా విషం. కోస్తే తోలు మందంగా, లోపల ఊదా నలుపుగా ఉంటుంది. బస్తర్‌లో సాలు చెట్ల కింద దొరికే బోడా అనే కొక్కును తిన్నవాళ్లు దీన్ని చూసి అదే అనుకోవచ్చు. డాలస్ ఇంటి పెరట్లో మొలిచినదాన్ని ఫొటో తీసి ఊళ్లో అమ్మకు వాట్సాప్‌లో పంపేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. ఫొటోలో వేరు కనబడదు, వాసన రాదు, అమ్మకు ఆ నేల తెలియదు.

ఇక పరీక్షల పేరుతో తిరిగే మాటల మీద నాకు ఓపిక లేదు. వెండి ఉంగరం వేస్తే నల్లబడుతుంది, వెల్లుల్లి రంగు మారుతుంది, బియ్యం ఎర్రబడతాయి, పురుగు తిన్నది మనమూ తినొచ్చు: ఇవన్నీ అబద్ధాలు. అమానిటా విషం వెండిని పట్టించుకోదు. ఎంత ఉడికించినా, ఎండబెట్టినా విరగదు. పురుగులు, నత్తలు దాన్ని హాయిగా తింటాయి.

కొక్కులు ఏరే ఈ సంప్రదాయంలో నాకు గొప్పగా తోచేది దాని పిసినారితనం. అడవిలో ఎన్నో రకాలు మొలుస్తుంటే రెండు మూడింటినే కూరకు ఒప్పుకుని, మిగిలినవాటన్నిటినీ కుక్కగొడుగులని ఒక్క మాటతో తోసేసింది. అందులో తినదగ్గవీ కొన్ని పోయి ఉంటాయి, పోనీ. పుట్టకు పాలు పోసే నాగుల పండుగ వల్ల చేల మధ్య పుట్టలు కూడా గునపం తగలకుండా మిగిలాయి, వాటితోపాటే ఏటేటా అదే చోట లేచే కొక్కులూ మిగిలాయి.

ఇప్పుడు ఈ విద్యకు మరో నిబంధన కలపాలి. పత్తి, మిర్చి చేలల్లో గడ్డిమందు కొట్టిన గట్టు మీద, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన, చెల్పూరు విద్యుత్ కేంద్రం బూడిద పడే చోట మొలిచినది ఎంత అసలైన పుట్టకొక్కు అయినా వద్దు. బూజులు నేలలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను పీల్చి దాచుకుంటాయి. అసలైనదే అయినా నిన్నటిది వద్దు. ఇది పొద్దున కోస్తే సాయంత్రానికే మెత్తబడి పురుగు పట్టే సరుకు. మొదటిసారి తినేవాళ్లు బాగా ఉడికించి రెండు ముక్కలతో ఆగాలి. వండేముందు వేరుతో సహా ఒకదాన్ని కాగితం సంచిలో పక్కన పెట్టాలి. ఎవరికైనా వాంతులో విరేచనాలో మొదలైతే మజ్జిగ, చింతపండు పులుసు అంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి భూపాలపల్లికో, వరంగల్ ఎంజీఎంకో వెంటనే పోవాలి, ఆ సంచి వెంట తీసుకుపోవాలి. తిన్న ఆరు గంటల తర్వాత మొదలైన వాంతులు ఇంకా ప్రమాదం. అమానిటా అయితే రెండో రోజు తగ్గినట్టే కనిపించి, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. రోగి లేచి తిరుగుతున్నాడని ఇంటికి తీసుకొచ్చేయకుండా రక్త పరీక్షలు పూర్తయ్యేదాకా ఆసుపత్రిలోనే ఉంచాలి.