కిటికీలో పిల్లవాడు, ఊరేగింపు చివర నల్లవాళ్లు

1865 ఏప్రిల్ 25న న్యూయార్క్‌లో జరిగిన లింకన్ అంతిమయాత్ర ఫోటో ఒకటి చరిత్ర పుస్తకాల్లో తరచూ కనబడుతుంది. బ్రాడ్‌వే వీధి, కిక్కిరిసిన జనం, మూలమీద పెద్ద మేడ. మేడ మీది కిటికీలోంచి ఇద్దరు పిల్లలు చూస్తున్నారు. ఒకడు ఆరేళ్ల థియోడర్ రూజ్‌వెల్ట్. 1901లో అతనే దేశాధ్యక్షుడయ్యాడు. ఆ మేడ వాళ్ల తాతది. చిత్రాల చరిత్రకారుడు స్టెఫాన్ లోరాంట్ ఆ పిల్లల్ని పోల్చుకుని రూజ్‌వెల్ట్ భార్య ఈడిత్‌ను అడిగితే ఆమె అవునంది. అంతే, అప్పట్నించీ ఈ ఫోటో అంటే ఆ కిటికీయే.

కిటికీ సంగతి అబద్ధం కాదు. కానీ చూపంతా మేడ మీదికి పోతే కింద వీధిలో జరిగిన తగాదా ఏమైనట్టు?

బానిసల విముక్తి ప్రకటన మీద సంతకం పెట్టిన మనిషి శవం వెనక నల్లవాళ్లు నడవకూడదని న్యూయార్క్ నగర కౌన్సిల్ నిర్ణయించింది. 1863 జూలై అల్లర్లలో నల్లవాళ్లను వేటాడి చంపింది, వాళ్ల అనాథ పిల్లల ఆశ్రమాన్ని తగలబెట్టింది ఈ ఊళ్లోనే. ఊరేగింపుకి ముందురోజు యుద్ధమంత్రి స్టాంటన్ కోరికగా వాషింగ్టన్ నుంచి తంతి వచ్చింది: రంగుని బట్టి ఎవరినీ ఆపొద్దని. దాంతో వాళ్లకి చోటు దొరికింది. ఎక్కడ? అందరికంటే చివర, పోలీసుల కాపలాలో. వందల మంది అట్లాగే నడిచారు.

ఆరు రోజుల ముందు వాషింగ్టన్‌లో అదే శవం ముందు నల్ల సైనికుల దళం నడిచింది. అదీ ఎవరో పిలిచి ఇచ్చిన గౌరవం కాదు. ఆలస్యంగా వచ్చిన దళం ఊరేగింపుకి ఎదురుపడి, అక్కడే వెనక్కి తిరిగి ముందు నడిచింది. ముందు నడిస్తే గౌరవం, వెనక నడిస్తే అవమానం అని తేలిగ్గా తేల్చలేం. మన ఊళ్లలో పెద్దకులాల శవం ముందు డప్పు కొడుతూ నడిచింది ఎక్కువగా మాదిగలే. దాన్ని గౌరవమని ఎవరంటారు? వరస ఎవరు నిర్ణయించారన్నదే అడగాలి.

కెమెరా సంగతి కూడా చూడాలి. ఆ రోజుల్లో గాజు పలకకి మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి కడగాలి. గంటల తరబడి సాగే ఊరేగింపులో పలకని దేనికి ఖర్చు పెట్టాలన్నది ఎంపికే. పదహారు గుర్రాలు లాగే శవరథం ఉండగా చివరి వరస కోసం పలక దాచుకునేదెవరు? ఫోటోలో లేనంత మాత్రాన చరిత్రలో లేరనుకోవడం అందుకే పొరపాటు.

ఈ గొడవ మనకు పరాయిది కాదు. అమెరికాలో బానిసత్వాన్ని రద్దుచేసినవాళ్లకే ఫూలే 1873లో ‘గులాంగిరీ’ని అంకితమిచ్చాడు. పాత ఫోటోలు ముందేసుకుని పరిశోధన చేసే మన విద్యార్థులు వాటి పక్కన ఆనాటి తీర్మానాలూ, ఉత్తర్వులూ, పత్రికలూ పెట్టుకుని చదవాలి. ఈ ఫోటో కింద రూజ్‌వెల్ట్ పేరు అచ్చేసే పుస్తకం ఆ కౌన్సిల్ నిర్ణయం గురించి కూడా రెండు వాక్యాలు రాయాలి.