నేల నేర్పే విద్య

బెజవాడ గుణదలలో ఏ కుర్రాణ్ణయినా మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో ఏం నేర్చుకున్నావని అడగండి, ముందు గాల్లోకి కాలు విసిరి చూపిస్తాడు. నేనైతే వెల్లకిలా పడుకుని చూపించమంటాను. అసలు పనితనం అక్కడ తేలుతుంది.

ఛాతీ మీద ఇరవై కిలోలు ఎక్కువున్నవాడు ఎక్కి కూర్చున్నాడనుకోండి. కొత్తవాడు రెండు చేతులా పైకి నెడతాడు, కాసేపటికే ఆయాసపడి చతికిలబడతాడు. పని తెలిసినవాడు మోచేతులు పక్కటెముకలకు అదుముకుంటాడు. ఒక పాదం నేలకు తన్నిపెట్టి, పక్కకు ఒత్తిగిలి, రొయ్యలా ముడుచుకుని తుంటిని వెనక్కి జరుపుతాడు. బెత్తెడు జాగా దొరుకుతుంది. అందులో మోకాలు దూరుస్తాడు. మళ్లీ తుంటి, మళ్లీ బెత్తెడు. కాళ్లు పైవాడి నడుముకు చుట్టుకున్నాక చూడాలి ఆ అందం! ఇక ఆట కిందున్నవాడిది.

ఈ ఒక్క కదలిక ఒంటబట్టడానికి నెలలు పడుతుంది. దానికంటే ముందు పడటం నేర్చుకోవాలి: గడ్డం ఛాతీకి ఆనించి, అరచేత్తో నేలను చరుస్తూ. పట్టు బిగుసుకోగానే అవతలివాడి ఒంటిని తట్టి ఓటమి ఒప్పుకోవడం కూడా సాధనలో భాగమే. పౌరుషానికి పోయి తట్టనివాడు మోచేయి విరగ్గొట్టుకుని ఇంట్లో కూర్చుంటాడు. బాక్సింగ్ చేతులకు, థాయ్ బాక్సింగ్ మోకాళ్లకు, కుస్తీ నడుముకు పదును పెడతాయి. వీటిని అతుకు తెలియకుండా కలపడమే ఈ విద్యలో కష్టం. మొహం మీదికి గుద్దు విసిరి, వాడు చేతులెత్తగానే కిందికి దూకి కాళ్లు లాగేసేవాణ్ణి చూస్తే నాకు చప్పట్లు ఆగవు.

గొప్పవాళ్లంతా నేల విలువ తెలిసినవాళ్లే. 1910లో లండన్‌లో గామా పహిల్వాన్‌కు జడిసి పోలండ్ మల్లుడు జిబిస్కో రెండున్నర గంటల పాటు గోదాకు కరుచుకుపోయాడు. 1928లో పటియాలాలో అదే జిబిస్కోను గామా నిమిషంలోపే చిత్తుచేశాడు. 1993లో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) పోటీలో, బక్కపల్చని రాయిస్ గ్రేసీ ఒక్క రాత్రిలో తనకంటే బరువైన ముగ్గుర్ని ఓడించాడు. నిలబడి కొట్టే బాక్సింగ్‌లో మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022, 2023ల్లో ప్రపంచ విజేత. ఆమెకు దణ్ణం పెడతాను. అయినా నా ఓటు పట్టుకే.

మనకిది కొత్తదేం కాదు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన తెలుగు నేల ఇది. ఒకప్పుడు బెజవాడలో పేటపేటకీ తాలింఖానా ఉండేదని పెద్దలు చెప్పేవారు. 1951 ఆసియా క్రీడల్లో బరువులెత్తి కాంస్యం తెచ్చి, ‘నర్తనశాల’లో భీముడిగా మెప్పించిన దండమూడి రాజగోపాలరావు పేరే మన ఇండోర్ స్టేడియానికి పెట్టుకున్నాం.

అలాంటి ఊళ్లో ఇప్పుడు జరుగుతున్నదేమిటి? మూణ్ణెల్లకో బెల్టు, బెల్టుకో ఫీజు! పాలపళ్లైనా ఊడని పిల్లాడి నడుముకు నల్లబెల్టు! బ్రెజిలియన్ జుజుత్సులో నల్లబెల్టుకు దాదాపు పదేళ్ల సాధన కావాలి, పందొమ్మిదేళ్లు నిండందే ఇవ్వరు. ఇక్కడేమో స్కూలు వార్షికోత్సవాల్లో పెంకులు పగలగొట్టించి, ఫొటో తీసి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపిస్తున్నారు. ఆ పిల్లాణ్ణి రేపెవరైనా కింద పడేస్తే లేవడం కూడా రాదు. ఇది పిల్లల ధైర్యంతో చేసే వ్యాపారం, పచ్చి మోసం.

తల్లిదండ్రులారా, ఫీజు కట్టేముందు ఒక సాయంత్రం క్లాసు మొత్తం కూర్చుని చూడండి. పడటం నేర్పుతున్నారా? తట్టగానే పట్టు వదులుతున్నారా? మాస్టారు తానూ చెమటోడ్చి శిష్యులతో దొర్లుతున్నాడా, లేక కుర్చీలో కూర్చుని ఈల ఊదుతున్నాడా? ఈల ఊదేచోటైతే పిల్లాడి చెయ్యి పట్టుకుని తిరిగొచ్చేయండి.