చంపకుండా చూడటం నేర్పిన సూక్ష్మదర్శిని

కణ విభజన బొమ్మ గీయని ఇంటర్ బైపీసీ విద్యార్థి ఉండరు. నడుమ క్రోమోసోములు, రెండు కొసల నుంచి వాటిని పట్టుకున్న సన్నని గీతలు. పక్కన ‘కండె పోగులు’ అని రాసేస్తే మార్కులు పడతాయి. కానీ ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఆ పోగులు నిజంగా ఉన్నాయా లేవా అన్నదే పెద్ద తగువు. కణాన్ని రసాయనాలతో చంపి రంగు పట్టిస్తేనే అవి స్పష్టంగా కనబడేవి. బతికున్న కణంలో జాడ దొరికేది కాదు. ఆ రసాయనాలే గీతలను పుట్టిస్తున్నాయేమోనని చాలామంది అనుమానించారు.

ఆ తగువు తీర్చినవారు షిన్యా ఇనోవే. 1921లో లండన్‌లో ఒక జపాన్ దౌత్యవేత్త ఇంట పుట్టారు, టోక్యోలో చదివారు. ఆయన గురువు కత్సుమా డాన్. 1945లో యుద్ధం ముగిసేనాటికి మిసాకిలోని సముద్ర జీవశాస్త్ర కేంద్రం జపాన్ నౌకాదళం చేతిలో, బుల్లి జలాంతర్గాముల స్థావరంగా ఉంది. అమెరికా సైన్యం వస్తోందని తెలిసి డాన్ అక్కడ ఒక కాగితం అంటించి వెళ్లారు. ఆయుధాలను నాశనం చేసుకోండి, విద్యార్థుల పరికరాలను మాత్రం వదిలేయండి, పని అయ్యాక మమ్మల్ని తిరిగి రానివ్వండి అని దాని సారాంశం. సైనికులు ఆ మాట మన్నించారు.

చేతిలో డబ్బు లేని ఆ రోజుల్లోనే ఇనోవే సొంతంగా ఒక ధ్రువణ సూక్ష్మదర్శిని కట్టారు. పారేసిన మెషిన్‌గన్ దిమ్మ దానికి పునాది, దీపానికి టీ డబ్బా గూడు. ఇదేదో సరదా కథ అనుకోకూడదు. బరువైన దిమ్మ ఉంటేనే పరికరం కదలదు. కదిలితే ఇక్కడ ఏదీ కనబడదు.

దాని పనితీరు చూద్దాం. మొదటి ధ్రువణ ఫలకం ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిస్తుంది. రెండోదాన్ని దానికి అడ్డంగా, సరిగ్గా 90 డిగ్రీలు తిప్పి పెడితే అంతా చీకటి. ఆ రెండింటి మధ్య ఒకే వరుసలో పేర్చిన అణువులు ఏటవాలుగా ఉంటే, వాటి మీదుగా వచ్చిన కాంతి మారి, కొంత బయటపడుతుంది. చీకట్లో ఆ భాగం ఒక్కటే వెలుగుతుంది. రంగు అక్కర్లేదు, కణాన్ని చంపనక్కర్లేదు. చిక్కల్లా ఆ వెలుగు ఎంత మసకంటే, కటకం గాజులో కాస్త ఒత్తిడి ఉన్నా దాని నుంచి కారే కాంతి దీన్ని మింగేస్తుంది. అందుకే ఒత్తిడి లేని కటకాలను ఏరుకోవాలి. ఇనోవే పనిలో సగం గొప్పతనం ఈ ఓపికలోనే ఉంది.

1948లో ఆయన ప్రిన్స్‌టన్ వెళ్లారు. లిల్లీ పుప్పొడి మాతృకణాల్లోనూ, కీటాప్టెరస్ అనే సముద్రపు పురుగు అండాల్లోనూ బతికున్న పోగులను చూపి, 1953లో ప్రచురించారు. అసలు విశేషం మరొకటి. కణాన్ని చల్లబరిస్తే పోగులు మాయమయ్యాయి, వెచ్చబరిస్తే మళ్లీ వచ్చాయి. కీటాప్టెరస్ అండంలో కండె ఒక కొస కణం అంచుకు అతుక్కుని ఉంటుంది. పోగులను విడదీసే కోల్చిసిన్ అనే రసాయనం వేస్తే ఆ కండె కురచబడుతూ క్రోమోసోములను అంచు వైపు లాక్కుపోయింది. అంటే పోగు విడిపోవడమే బలాన్ని పుట్టించగలదు! కణ అస్థిపంజరం ఎముకల గూడులా స్థిరమైనది కాదనీ, నిత్యం కట్టుకుంటూ కరుగుతూ ఉంటుందనీ ఆయన వాదించారు.

నమ్మడానికి చాలామందికి కాలం పట్టింది. 1963లో లెడ్‌బెటర్, పోర్టర్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో మొక్కల కణాల్లో సూక్ష్మనాళికలను వర్ణించారు. కండె పోగులు ఈ నాళికలతో అయినవే. 1967లో బోరిసీ, టేలర్ కోల్చిసిన్ అంటుకునే ప్రొటీన్‌ను పట్టుకున్నారు. దాన్నే ఇప్పుడు ట్యూబ్యులిన్ అంటున్నాం. 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ ఒక్కో నాళిక ఎదుగుతూ హఠాత్తుగా కుప్పకూలుతుందని చూపారు. 1988లో కణం బయట కూడా కురచయ్యే నాళికలు క్రోమోసోములను లాగగలవని తేలింది.

మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్, పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే మందు, ఈ నాళికలనే కట్టుకోనివ్వదు. పాక్లిటాక్సెల్ ఇందుకు విరుద్ధంగా వాటిని కరగనివ్వదు. దారి ఏదైనా క్యాన్సర్ కణం విభజన ఆగిపోతుంది.

ఇనోవే 2019లో మరణించారు. ఇప్పుడు ప్రొటీన్లను మెరిపించే పద్ధతులు వచ్చాయి, అవి అద్భుతమైనవే. అయినా కణంలో దేన్నీ చేర్చకుండా చూసే ఈ పద్ధతిని మన కళాశాలలు మరవకూడదు. భూగర్భశాస్త్ర విభాగంలో రాళ్లు చూసే ధ్రువణ సూక్ష్మదర్శిని ఉంటే జీవశాస్త్ర విద్యార్థులు ఒక గంట అడిగి తీసుకోండి. బంగాళాదుంపను గీరి, నీటిచుక్కలో వేసి చూడండి. ప్రతి పిండి రేణువులోనూ నల్లని కత్తెర గుర్తు కనబడుతుంది. అణువుల వరుసను కళ్లతో చూడటం అక్కడ మొదలుపెట్టవచ్చు.