మూలిగే పంపు, కారే గొట్టం

పవర్ స్టీరింగు పంపు ఇంజను పక్కన బెల్టుతో తిరిగే చిన్న ఆయిల్ పంపు. డ్రైవరు స్టీరింగు తిప్పినప్పుడు చక్రాలను పక్కకు నెట్టే బలంలో పెద్ద భాగం దీని నుంచే వస్తుంది. ఆగి ఉన్న కారులో స్టీరింగును చివరిదాకా తిప్పి పట్టుకుంటే పంపు పుట్టించే ఒత్తిడి చాలా కార్లలో 70 నుంచి 100 బార్ల దాకా ఉంటుంది. అంటే టైరులో ఉండే గాలి ఒత్తిడికి ముప్పై, నలభై రెట్లు. ఇంత ఒత్తిడిని మోసే వ్యవస్థలో ఎక్కువగా పాడయ్యేవి ఇనుప భాగాలు కావు. గొట్టాలు, ఓ-రింగులు, సీళ్ళు లాంటి రబ్బరు భాగాలే ముందు దెబ్బతింటాయి. ఇంటి దగ్గర చేసుకునే మరమ్మతుకు ఆధారం ఇదే. పంపు పోయిందని మెకానిక్కు తేల్చేసిన కార్లలో చాలావాటికి నిజంగా కావలసింది ఓ రబ్బరు ముక్క, లీటరు ఆయిల్.

ఈ పవర్ స్టీరింగు ఏర్పాటును 1926లో అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు నడిచే కారులో పెట్టి చూపించాడు. మామూలు కొనుగోలుదారుకు అందింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో. 1988లో సుజుకీ జపాన్‌లో సెర్వో కారుకు ఎలక్ట్రిక్ స్టీరింగు పెట్టిన తర్వాత ఆయిల్ పంపు మెల్లగా పక్కకు జరిగింది. ఇప్పటి చిన్న కార్లలో చాలావరకు ఆయిలూ లేదు, గొట్టాలూ లేవు. అయినా బెంగళూరు రోడ్ల మీద ఆయిల్ స్టీరింగు కనుమరుగు కాలేదు. ఊరికి దగ్గర్లోని బిడదిలో తయారయ్యే ఇన్నోవా 2005లో వచ్చిన నాటి నుంచి ఆయిల్ స్టీరింగుతోనే నడిచింది, 2016 నాటి క్రిస్టాకూ అదే ఉంది. బొలెరో, పాత స్కార్పియో, యాక్సెంట్, ఐకాన్, ఇండికా కూడా ఈ కోవలోవే. తిరుపతికీ అనంతపురానికీ కర్నూలుకీ తిరిగే బాడుగ ఇన్నోవాలు లక్షల కిలోమీటర్లు దాటాక కూడా అదే పంపుతో తిరుగుతున్నాయంటే, రబ్బరు భాగాలు వేళకు మార్చడం ఒక ముఖ్య కారణం.

హైవే మీద పంపుకు పెద్ద కష్టం లేదు. ఊళ్ళోనే ఉంది కష్టమంతా. బండి ఎంత మెల్లగా కదిలితే టైరు అంత మొండికేస్తుంది. సరిగ్గా అప్పుడే ఇంజను ఐడిల్‌లో ఉంటుంది కాబట్టి పంపు తోడే ఆయిల్ కూడా తక్కువ. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి దగ్గర అంగుళం అంగుళం జరిగే కారు, అపార్ట్‌మెంటు సెల్లారు మలుపులో ముందుకూ వెనక్కూ ఊగిసలాడే కారు పంపును మాడ్చేస్తాయి. స్టీరింగును చివరిదాకా తిప్పి పట్టుకుంటే ఆయిల్ చక్రాలను నెట్టే ర్యాకులోకి పోలేక రిలీఫ్ వాల్వు గుండా పంపులోనే చక్కర్లు కొట్టి సలసల కాగుతుంది. ఆ వేడికి రబ్బరు గట్టిపడి పగుళ్ళిస్తుంది. చివరిదాకా తిప్పి ఐదు సెకన్లకు మించి పట్టుకోవద్దని కొన్ని మాన్యువల్లు చెప్పేది ఇందుకే.

పంపు లోపల కోడిగుడ్డు ఆకారపు ఉక్కు రింగు ఉంటుంది. దాని నడుమ గాళ్ళు కోసిన రోటరు తిరుగుతుంది. ఆ గాళ్ళలో పలుచటి ఉక్కు రేకులు, మామూలుగా పది, లోపలికీ బయటికీ జారుతూ రింగు గోడను రాసుకుంటూ తిరుగుతాయి. రెండు రేకుల మధ్య చోటు పెరిగిన దగ్గర ఆయిల్ లోపలికి వస్తుంది, తగ్గిన దగ్గర బయటికి నెట్టబడుతుంది. ఇంజను వేగం పెరిగినా స్టీరింగు మరీ తేలికైపోకుండా ఒక ఫ్లో కంట్రోల్ వాల్వు ఎక్కువైన ఆయిల్‌ను వెనక్కి మళ్ళిస్తుంది. పంపు నుంచి ర్యాకుకు పోయేది ప్రెషర్ గొట్టం. ర్యాకు నుంచి ఆయిల్ డబ్బాకు తిరిగొచ్చేది రిటర్న్ గొట్టం. డబ్బా నుంచి పంపులోకి దిగే పొట్టి గొట్టం పీల్చే వైపుది. ఈ మూడింటి తేడా తెలిస్తే సగం రిపేరు తెలిసినట్టే.

తేడాను ముందు చెవే పట్టేస్తుంది. స్టీరింగు తిప్పేటప్పుడు పంపు మూలిగితే లోపల ఆయిల్ తక్కువైనా ఉండాలి, గాలైనా చేరి ఉండాలి. ఇంజను వేసిన వెంటనే కీచుమంటే అది పంపు కాదు, బెల్టు. డబ్బా మూత తీసి చూస్తే మిగతా సంగతి తెలుస్తుంది. ఎర్రటి ఆయిల్ నల్లబడి మాడు వాసన వేస్తే కాలం తీరింది. పాలు కలిపినట్టు తెల్లబడి నురగ తేలితే గాలి పట్టింది. ఇంజను నడుస్తున్నప్పుడు మట్టం చూసి, ఆపాక మళ్ళీ చూడాలి. ఆపగానే మట్టం పైకి లేస్తే లోపల గాలి ఉన్నట్టే. టొయోటా మాన్యువల్లు ఈ తేడాకు 5 మిల్లీమీటర్లు హద్దు పెడతాయి.

చాలామంది, మెకానిక్కులతో సహా, బోల్తా పడేది ఇక్కడే. ఎక్కడా చుక్క కారడం లేదు, మట్టం సరిగానే ఉంది, అయినా పంపు మూలుగుతోంది. అయితే పంపే పోయిందని తీర్మానిస్తారు. కానీ పీల్చే వైపు ఉండేది ఒత్తిడి కాదు, లాగుడు. అక్కడ ఓ-రింగు గట్టిపడినా, క్లిప్పు వదులైనా ఆయిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పాత హోండా అకార్డ్, సీఆర్‌వీ కార్లలో పంపు ముఖద్వారం దగ్గరి ఓ-రింగు ఈ జబ్బుకు పేరుమోసింది. అక్కడ రెండు చిన్న బోల్టులు విప్పి, గట్టిపడిన రింగు తీసి, కొత్తదానికి ఆయిల్ రాసి పెడితే మూలుగు ఆగిపోయిన కార్లు కోకొల్లలు. ఏ కారైనా పంపు మీద చెయ్యి వేసేముందు డబ్బా నుంచి పంపు దాకా ఉన్న ఆ జానెడు దారిని పూర్తిగా పరీక్షించాలి.

కారేచోటు కనిపెట్టడానికి ముందు శుభ్రం చేయాలి. ఆయిల్ గాలికి వెనక్కి పాకుతుంది కాబట్టి తడి కనిపించినచోటే లీకు ఉందనుకోకూడదు. డీగ్రీజరుతో కడిగి, ఆరనిచ్చి, ఒకరు స్టీరింగు తిప్పుతుంటే మరొకరు టార్చితో చూడాలి. నడుస్తున్న ఇంజనులో ప్రెషర్ గొట్టం మీద చెయ్యి పెట్టి తడమడం మాత్రం ఎప్పటికీ చేయరాదు. సూదిమొనంత కంతలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. బయటికి చిన్న గాటులా కనిపించినా ఆపరేషన్ దాకా పోయే గాయమది. అట్టముక్కను దగ్గరగా జరిపి, దాని మీద మరక పడుతుందేమో చూస్తే చాలు.

రిటర్న్ గొట్టం ఇంటి దగ్గర నిశ్చింతగా మార్చుకోగలిగిన భాగం. అందులో ఒత్తిడి చాలా తక్కువ. రెండు చివర్లా క్లిప్పులు సడలించి, మొండికేస్తే బ్లేడుతో నిలువునా చీరి, పాతది తీసేయాలి. పైపు కొనలకు గీత పడకూడదు. కొత్తది కొనేటప్పుడు లోపలి వ్యాసం కంటే ముఖ్యం రబ్బరు రకం. రేడియేటరు, హీటరు గొట్టాలు ఈపీడీఎం రబ్బరువి. నీటికి అవి రాళ్ళలా నిలుస్తాయి గానీ ఖనిజ తైలం తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. ఇక్కడ కావలసింది నైట్రైల్ రబ్బరు గొట్టం. దాని మీద ఎస్ఏఈ జే189 అని అచ్చు ఉంటే అది ఈ పనికోసమే చేసింది. ఇదే తర్కం ఆయిల్ విషయంలోనూ వర్తిస్తుంది. బ్రేకు ఆయిల్ పోస్తే నైట్రైల్ సీళ్ళన్నీ ఉబ్బిపోయి పంపుతో పాటు ర్యాకు కూడా చేతికి రాదు. ఇన్నోవాకు డెక్స్‌రాన్ రకం ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, హోండాకు దాని సొంత ఆయిల్, కొన్ని జర్మన్ కార్లకు ఆకుపచ్చటి పెంటోసిన్. మూత మీదా మాన్యువల్లోనూ ఏది రాసి ఉంటే అదే పోయాలి.

ప్రెషర్ గొట్టం సంగతి వేరు. దాని రబ్బరును ఇనుప పైపుల మీద యంత్రంతో నొక్కి బిగిస్తారు. పగిలిన ముక్క కోసి, మధ్యలో పైపు పెట్టి, రెండు క్లిప్పులు బిగించే చిట్కా రోడ్డు పక్కన కనిపిస్తూనే ఉంటుంది. అది మొదటి యూ-టర్నుకే ఊడిపోవచ్చు, ఆ ఆయిల్ వేడి ఎగ్జాస్టు మీద పడితే మంట లేవవచ్చు. కొత్త గొట్టం దొరకనప్పుడు పాతదాని ఇనుప కొనలు ఉంచి, మధ్యలో కొత్త రబ్బరు వేసి నొక్కించుకోవడం సరైన దారి. బెంగళూరులోని పీణ్యా లాంటి పారిశ్రామిక వాడల్లో జేసీబీలకూ ప్రెస్సులకూ గొట్టాలు కట్టే దుకాణాలు ఈ పని చేస్తాయి. అక్కడ కూడా ఒక తిరకాసుంది. జేసీబీకి వేసే గట్టి గొట్టం ఒత్తిడికి తట్టుకుంటుంది గానీ స్టీరింగు గొట్టంలా కాస్త ఉబ్బి పంపు దడను మింగదు. దానివల్ల స్టీరింగులో సన్నటి వణుకు, రొద మొదలవుతాయి. ఎస్ఏఈ జే188 రకం గొట్టాన్ని ఇలా ఉబ్బేలాగే తయారు చేస్తారు. అది వేయమని అడగాలి. పంపు దగ్గర కొన బ్యాంజో బోల్టుతో బిగిస్తే, దాని రెండు వైపులా ఉండే రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయాలి. పాతవి ఒకసారి నలిగాక మళ్ళీ సరిగ్గా కూర్చోవు.

విడిభాగాల వేటకు బెంగళూరంత అనువైన ఊళ్ళు దక్షిణాదిలో తక్కువే. టౌన్‌హాల్ నుంచి మినర్వా సర్కిల్ వైపు సాగే జేసీ రోడ్డులో సీళ్ళు, బేరింగులు, గొట్టాలు, బెల్టులు అన్నీ దొరుకుతాయి. పాత ముక్క జేబులో వేసుకుని వెళ్ళడమే అక్కడి పద్ధతి. సీలు మీద చెక్కిన లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అంకెలూ బేరింగు మీది నంబరూ చూపిస్తే కారు పేరు చెప్పే పని కూడా ఉండదు. శివాజీనగర్‌లోని పాత సామాను గుజరీలో విప్పిన కార్ల పాత పంపులు దొరుకుతాయి. అక్కడ కొనేవారు పుల్లీని చేత్తో తిప్పి చూడాలి. గరగర లేకుండా నునుపుగా తిరగాలి, షాఫ్టు పక్కకు ఊగకూడదు, ఆయిల్ రంధ్రాలకు మూతలు ఉండాలి. మూతల్లేని పంపులో దుమ్ము చేరే ఉంటుంది.

పంపు దించే పని చల్లటి ఇంజను మీద మొదలుపెట్టాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. చాలా కార్లలో పంపు కిందే ఆల్టర్నేటరు ఉంటుంది, దానికి పాలిథీన్ కవరు కట్టకపోతే కారిన ఆయిల్‌తో అది కూడా పాడవుతుంది. కింద ట్రే, దాని కింద అట్టలు పరవాలి. సెల్లారులో పడిన ఆయిల్ మరక మీద అపార్ట్‌మెంటు అసోసియేషన్‌తో నడిచే పంచాయితీ పంపు రిపేరు కంటే పొడుగు. ముందు చక్రాలు ఎత్తవలసి వస్తే జాకీ మీదే వదిలేయకుండా స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు స్టాండ్లు కావు. సిరంజితో డబ్బా ఖాళీ చేసి, బెల్టు సడలించి, గొట్టాలు విప్పి, వాటి కొనలకు శుభ్రమైన ప్లాస్టిక్ చుట్టాక పంపు బోల్టులు తీయాలి.

పంపు విప్పడం శుభ్రమైన బల్ల మీద, నూలు పోగులు రాలని గుడ్డ మీద జరగాలి. విప్పిన ప్రతి దశనూ ఫోనుతో ఫొటో తీసుకోవడం మంచిది. రింగు, రోటరు, రేకులు ఏ ముఖంతో ఉన్నాయో అదే ముఖంతో తిరిగి కూర్చోవాలి. రేకు అంచుల్లో గుండ్రంగా ఉన్నది బయటికి, రింగు గోడ వైపు ఉండాలి. రింగు లోపలి గోడ మీద గోటికి తగిలే గీతలున్నా, అలల్లా అరిగి ఉన్నా ఆ పంపుకు సీళ్ళు వేయడం దండగ. గోడ నునుపుగా ఉంటే మాత్రం పంపు బతికే ఉన్నట్టు. ఫ్లో కంట్రోల్ వాల్వు తన రంధ్రంలో సొంత బరువుకే జారాలి. మాడిన ఆయిల్ జిగురు పట్టి అది ఇరుక్కోవడం వల్లే కొన్ని కార్లలో స్టీరింగు ఒకసారి తేలిగ్గా, ఒకసారి బరువుగా ఉంటుంది. దానికి ఎమెరీ కాగితం పెట్టకూడదు, క్లీనరుతో కడిగితే చాలు. షాఫ్టు సీలు తీసేటప్పుడు స్క్రూడ్రైవరు షాఫ్టుకు తగిలి గీత పడితే కొత్త సీలు కూడా కారుతుంది. కొత్తదాన్ని సరైన కొలత సాకెట్టు ఆనించి, వంకర పోకుండా మెల్లగా దించాలి. పుల్లీ కొన్ని పంపులకు నట్టుతో, కొన్నింటికి ఒత్తిడి బిగువుతో ఉంటుంది. రెండో రకానికి పుల్లర్ తప్పనిసరి. సుత్తి వాడితే బేరింగు పోతుంది.

అన్నీ బిగించాక గాలి తీయాలి. ఓపిక ఎక్కువ కావలసిందీ, అందరూ తొందరపడేదీ ఈ దశలోనే. ఎండిపోయిన పంపును ఇంజనుతో తిప్పితే కొత్త సీళ్ళూ పాత రేకులూ నిమిషాల్లో అరిగిపోతాయి. డబ్బా నింపి, ముందు చక్రాలు గాలిలో ఉంచి, ఇంజను వేయకుండానే స్టీరింగును ఒక చివర నుంచి మరో చివరకు మెల్లగా పదిహేను, ఇరవై సార్లు తిప్పాలి. బుడగలు వస్తుంటాయి, మట్టం పడిపోతుంటుంది, పోస్తూ ఉండాలి. మట్టం నిలిచాక ఇంజను వేసి, ఐడిల్‌లో మళ్ళీ తిప్పాలి. నురగ వస్తే ఇంజను ఆపి గంటసేపు వదిలేయాలి. నురగను తగ్గించే మందు కాలం ఒక్కటే. మరునాడు చల్లటి ఇంజను మీద కోల్డ్ గుర్తు దగ్గర మట్టం సరిచూసి, ప్రతి బిగింపునూ టార్చితో మరోసారి చూడాలి.

డబ్బా లేని ఎలక్ట్రిక్ స్టీరింగుకు ఈ పద్ధతులేవీ పనికిరావు. కొన్ని స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కార్లలో పంపును బెల్టు కాకుండా కరెంటు మోటారు తిప్పుతుంది, అది కూడా ఇంటి పని కాదు. ర్యాకు సీళ్ళు కారుతున్నా, అంటే చక్రాల వైపు రబ్బరు తొడుగుల్లో ఆయిల్ నిండినా, దాన్ని వర్క్‌షాపుకే వదిలేయాలి. ర్యాకు విప్పితే చక్రాల అలైన్‌మెంటు చెదురుతుంది, అందులోని సీళ్ళకు ప్రత్యేక పనిముట్లు కావాలి.

చివరికి మిగిలేది లీటరో లీటరున్నరో పాత ఆయిల్. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద అది మామూలు చెత్త కాదు. బెంగళూరులో వీధి కాలువలో పోసినది రాజకాలువె అనే పెద్ద వాన కాలువ గుండా చెరువు చేరుతుంది. ఖాళీ అయిన ఆయిల్ డబ్బాలోనే పట్టి, మూత బిగించి, వాడిన ఆయిల్ సేకరించి అనుమతి ఉన్న రీసైక్లర్లకు పంపే సర్వీసు సెంటరుకు ఇవ్వాలి.