పచ్చని కంచె కట్టే మాలి

2022 మే 30న ఢిల్లీని కుదిపేసిన గాలివానకు వందలాది చెట్లు కూలిపోగా, వేళ్లకు చోటు దొరికేలా చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలన్న జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013 నాటి ఆదేశం ఎంత విలువైనదో మరోసారి తేటతెల్లమైంది. అలా నీడ కోల్పోయిన పెరటి సరిహద్దుకు మళ్లీ ప్రాణం పోసేవాడు మాలి, అంటే తోటపనే వృత్తిగా గల శ్రామికుడు. పాత వేళ్లను తవ్వి తీసి, మట్టిని గుల్లబరిచి, పశువుల ఎరువు కలిపి, జూలై వానలు పడగానే అతడు కరోందా మొక్కలను, అంటే తెలుగువారు పప్పులో వేసుకునే వాక్కాయనే, రెండు వరుసల్లో ఒకదాని సందున మరొకటి వచ్చేలా నాటుతాడు. చిగుళ్లు తుంచి మొదలు నుంచే కొమ్మలు వేయించి, కింది ఆకులకూ ఎండ తగిలేలా అడుగును వెడల్పుగా, పైభాగాన్ని సన్నగా కత్తిరిస్తూ, ఏళ్ల తరబడి కంచెను పెంచే ఆ ఓర్పు నిస్సందేహంగా గౌరవించదగిన విద్య.